మిత్రరాజ్యాల రాజకీయ సంప్రదింపుల యంత్రాంగం: లోపం సంఘానిదా, రాజధానులదా?

ప్రశ్న:
రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా, బ్రిటన్ సైన్యాలను సమన్వయపరచడానికి 1942 ఆరంభంలోనే వాషింగ్టన్‌లో సంయుక్త సేనాధిపతుల మండలి ఏర్పడింది. సోవియట్ యూనియన్‌తో కలిసి రాజకీయ సమస్యలు చర్చించే స్థిరమైన వేదికకు మాత్రం 1943 అక్టోబరు నాటి మాస్కో సమావేశం దాకా ఆగవలసి వచ్చింది. అక్కడ అమెరికా, బ్రిటన్, సోవియట్ విదేశాంగ మంత్రులు హల్, ఈడెన్, మొలొటోవ్ ఒప్పుకున్న ఐరోపా సలహా సంఘం 1944 జనవరిలో లండన్‌లో పని మొదలుపెట్టినా, ఆశించినంత సాధించలేదని అంటారు. ఈ లోపం సంఘం నిర్మాణంలోనే ఉన్నదా?

జవాబు 1:
నిర్మాణంలో కంటే ఆదేశాలు అందిన తీరులో ఉన్నదని నా అభిప్రాయం. బ్రిటన్ ప్రతినిధి స్ట్రాంగ్ సిద్ధమైన ముసాయిదాలతో కూర్చునేవాడు. అమెరికా రాయబారి వినాంట్ మాత్రం వాషింగ్టన్ నుండి రావలసిన ఆదేశాల కోసం వారాల తరబడి ఎదురుచూశాడు. యుద్ధానంతర ఆక్రమణ సైనిక వ్యవహారమేనని అక్కడి యుద్ధశాఖ పట్టుబట్టడం, ఇంకా చేతికి రాని దేశానికి వివరమైన ప్రణాళికలు వద్దని రూజ్‌వెల్ట్ భావించడం ఇందుకు కారణాలు. అయినా జర్మనీని ఏ దేశం ఏ భాగంలో ఆక్రమించాలో తేల్చిన ఆక్రమణ మండలాల ఒప్పందాన్ని 1944 సెప్టెంబరు 12న కుదిర్చింది ఈ సంఘమే. దాని పనిని తక్కువ చేసి చూడడం నాకు అన్యాయంగా తోస్తుంది. అయితే సోవియట్ మండలం మధ్యలో ఉన్న బెర్లిన్‌కు చేరే రోడ్డు, రైలు మార్గాల హక్కు మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. 1948లో సోవియట్‌లు బెర్లిన్‌ను దిగ్బంధించిన నాటికి పశ్చిమ దేశాల చేతిలో లిఖిత హామీ ఉన్నది 1945 నవంబరులో ఒప్పుకున్న విమాన మార్గాలకే.

జవాబు 2:
పై జవాబుకు ఇటలీ అనుభవాన్ని చేర్చాలి. జర్మనీతో విడిపోయే దేశాల వ్యవహారాలకు మూడు మిత్రరాజ్యాల ఉమ్మడి కమిషన్ కావాలని స్టాలిన్ 1943 ఆగస్టులోనే కోరాడు. ఇటలీలో అసలు అధికారం ఆంగ్లో-అమెరికన్ సేనల చేతిలోనే ఉండిపోయింది, సోవియట్‌లకు దక్కినది సలహా స్థానమే. మరుసటి ఏడాది రొమేనియాలో, బల్గేరియాలో పాత్రలు తారుమారయ్యాయి: అక్కడ అధికారం సోవియట్‌లది, సలహా స్థానం ఆంగ్లో-అమెరికన్లది.

ప్రశ్న అడిగినవారు:
వివరాలకు ధన్యవాదాలండీ. ఈ జాప్యాన్ని సరిదిద్దే ప్రయత్నమేదైనా జరిగిందా?

జవాబు 1:
జరిగిందండీ. 1944 డిసెంబరులో విదేశాంగ, యుద్ధ, నౌకాదళ శాఖలకు వాషింగ్టన్‌లో ఒకే సమన్వయ కమిటీ ఏర్పడింది. విదేశాంగ మంత్రులు మూడు నాలుగు నెలలకొకసారి కలవాలని 1945 ఫిబ్రవరిలో యాల్టాలో నిర్ణయించారు. అప్పటికే మండలాల ఒప్పందం మీద సంతకాలు పూర్తయ్యాయి.