బాల్డీ శిఖరం: బోర్డు దాటి పైదాకా వెళ్లొచ్చా?

చాండ్లర్‌వాసి: ఇక్కడ అరిజోనాలో ఫీనిక్స్ ఎండలకు తట్టుకోలేక నెలాఖరుకి మా బ్యాచ్ వైట్ మౌంటెన్స్ బయల్దేరుతోంది. షీప్ క్రాసింగ్ నుంచి వెస్ట్ బాల్డీ ట్రెయిల్ ఎక్కాలని ప్లాన్. చిక్కంతా చివర్లోనే. 11,400 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ బాల్డీ కొండ కొన మాత్రం ఫోర్ట్ అపాచీ రిజర్వేషన్‌లో, అంటే అమెరికా ఆదివాసీ తెగ సొంత నేలలో ఉంది. ఆ తెగవాళ్లు వైట్ మౌంటెన్ అపాచీలు, వాళ్లకు అది పవిత్ర స్థలం, బయటివాళ్లకు ప్రవేశం లేదు. అంత దూరం ఎక్కి, శిఖరం కళ్లెదుట పెట్టుకుని వెనక్కి రావాలా? ఎవరూ చూడరు, పోదాం పద అంటున్నారు మావాళ్లు. మీరేమంటారు?

కొండగాలి: వెళ్లండి బ్రో. కొండ ఎవడబ్బ సొమ్ము? ఆ పక్కనే సన్‌రైజ్ పార్క్ స్కీ రిసార్ట్ నడుపుతున్నది ఆ తెగవాళ్లే. టికెట్ కొంటే లిఫ్ట్‌లో కూర్చోబెట్టి మరీ పైకి పంపుతారు. ఒక కొండ మీద వ్యాపారం, పక్క కొండేమో పవిత్రం. ఇదేం లెక్క?

పాతకాపు: లెక్క సరిగ్గానే ఉంది తమ్ముడూ. ఏ కొండ మీద వ్యాపారం చేయాలో, దేన్ని ముట్టుకోకూడదో ఆ నేల ఎవరిదో వాళ్లే తేల్చుకుంటారు.

ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరి శాన్ ఫ్రాన్సిస్కో పీక్స్ సంగతి చూడండి. నవాహో, హోపీ, వైట్ మౌంటెన్ అపాచీలతో సహా చాలా తెగలకు అవీ పవిత్రమే. అక్కడి స్కీ రిసార్ట్‌లో శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు కురిపిస్తామంటే తెగలు కోర్టుకెక్కాయి. 2008లో అప్పీలు కోర్టులో ఓడిపోయాయి. అది ఫెడరల్ భూమి, అందరి నేల మీద ఒక మతానికి వీటో ఇవ్వలేం అన్నారు. సరే, అక్కడ అందరిదీ అని వాళ్ల మాట తోసేశారు. ఇక్కడ వాళ్లదే అయిన నేల మీద కూడా మన సరదానే చెల్లాలంటే ఎలా?

ఇంకోటి. అపాచీ ట్రౌట్ అనే చేప ఈ కొండల్లోని చల్లటి వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. దాని సంఖ్య పడిపోతోందని 1950ల్లోనే తెగ తన వాగుల్లో చేపల వేట ఆపేసింది. అమెరికా అంతరించిపోతున్న జాతుల చట్టం వచ్చింది 1973లో! 2024లో ఆ చేప ప్రమాద జాబితా నుంచి బయటపడింది. వాళ్లు గేటు వేస్తే ఊరికే వేయరు.

నల్లమల బిడ్డ: మా దగ్గర నల్లమల అడవిలోని సలేశ్వరం గుడికి పోనిచ్చేది చైత్ర పౌర్ణమప్పుడు కొద్దిరోజులే. మిగతా ఏడాది ఫారెస్టోళ్లు ఆపితే కిమ్మనకుండా తిరిగొస్తాం. విమానం దిగగానే హక్కులు గుర్తొస్తాయా?

కొండగాలి: అక్కడ ఆపేది పులుల కోసం, అందరినీ. ఇక్కడ ఎవరికి పుట్టావో చూసి ఆపుతున్నారు. ఆ తేడా మీకు కనబడట్లేదా?

పాతకాపు: కులం లాంటిది అనుకుంటున్నారు మీరు. తెగ అంటే సొంత ప్రభుత్వం, సొంత కోర్టు ఉన్న జాతి. రిజర్వేషన్‌లో బయటివాళ్ల వేట మీద కూడా అధికారం తెగదే, రాష్ట్రానిది కాదని 1983లో మెస్కలేరో అపాచీల కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

బుట్టల పిచ్చి: శిఖరం గొడవలో పడి చూడాల్సినవి వదిలేస్తున్నారు. ఫోర్ట్ అపాచీలో మ్యూజియం ఉంది, అక్కడికి దగ్గర్లోనే కినిష్బా. అది అపాచీలకు ముందున్న ప్యూబ్లో జనం కట్టుకున్న రాతి ఊరు. బుట్టల సంగతి చెప్తే నేను ఆగను! వీపున మోసే బుట్టకి జింకతోలు కుచ్చులు, వాటి కొసలకి రేకు గొట్టాలు. నడుస్తుంటే గలగలమంటాయి. నీళ్లు మోసే బుట్ట ఇంకా చిత్రం, అల్లిక మీద పైన్ చెట్టు బంక కాచి పూస్తారు, చుక్క కారదు. నల్ల డిజైన్ రంగేసింది కాదు, డెవిల్స్ క్లా అనే మొక్క కాయ నార. ధర చూసి బేరం మొదలుపెట్టకండి, పుల్లలు ఏరి చీల్చి నానబెట్టడమే పెద్ద పని. ఇంకెక్కడో తయారైనదాన్ని ఇండియన్ చేతిపని అని అమ్మితే 1990 చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఎవరు అల్లారో అడగడానికి మొహమాటపడొద్దు. సన్‌రైజ్ డాన్స్‌కి ఎవరైనా పిలిస్తే మాత్రం ఫోన్ జేబులోనే ఉంచండి. అది ఈడేరిన ఆడపిల్ల వేడుక, నాలుగు రోజులు సాగుతుంది. మనింటి ఫంక్షన్లో తెలియనివాడు వచ్చి వీడియో తీస్తే ఊరుకుంటామా?

కొండగాలి: బుట్టల దగ్గర నాకు పేచీ లేదండీ. దేవుడి పేరు చెప్పి కొండకి తాళం వేయడం ఎవరు చేసినా నాకు నచ్చదు, తిరుమలైనా సరే. కానీ ఆ బోర్డు దాటి ఫైన్ కట్టమని నేను చెప్పినట్టు రాయకండి.

చాండ్లర్‌వాసి: "వెళ్లండి బ్రో" అన్నది తమరే! సరే, హద్దు దగ్గరే ఆగుతాం. ఇద్దరు మాత్రం ఇంకా గొణుగుతున్నారు, వాళ్లని స్కీ లిఫ్ట్ ఎక్కిస్తా. రిజర్వేషన్ చెరువుల్లో చేపలు పట్టాలంటే అరిజోనా లైసెన్స్ సరిపోతుందా?

పాతకాపు: చెల్లదు. తెగ ఇచ్చే పర్మిట్ వేరే కొనాలి. బయల్దేరే ముందే తీసుకోండి.