మామిడి టెంకల తేమ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది
విమాన ఇంధనం తయారీకి చిత్తూరులో ఎంత పంట వ్యర్థం దొరుకుతుందో లెక్కేస్తున్నాం. వేరుశనగ కట్టె పశువులకే చాలట్లేదు, దాన్ని కొట్టేశాం. మిగిలింది పల్ప్ ఫ్యాక్టరీల తోతాపురి టెంకలు. (తొక్క జోలికి పోలేదు, రెండ్రోజులకే పులిసిపోతుంది.)

ఒకే లారీలోంచి 20 కిలోలు తీసి 12 రోజులు ఎండబెట్టాం. పెంకు గలగలలాడింది. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెడితే మూడు శాంపిళ్లకు తేమ 11, 19, 26 శాతం! పగలగొట్టి చూస్తే లోపలి జీడి పచ్చిగానే ఉంది, గోరు దిగుతోంది. ముందే చీల్చి ఓవెన్‌లో పెడితే అంకెలు దగ్గరపడ్డాయి గానీ, చీల్చేటప్పుడు ముక్కలు చెదిరి బరువు పోతోంది.

లారీకి ఎన్ని టెంకలు తీసి, ఏ సైజుకు నలగ్గొడితే తేమ 2 శాతం తేడాలోపు వస్తుంది?