స్పాన్సియన్ నాణెం అసలుదా, నకిలీదా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి): 1713లో ట్రాన్సిల్వేనియాలో (ఇప్పటి రొమేనియాలో ఓ ప్రాంతం) దొరికిన బంగారు నాణెం మీద స్పాన్సియన్ అనే రోమన్ చక్రవర్తి పేరుంది, చరిత్రలో ఆయన ఊసే ఇంకెక్కడా లేదు, 1863 నుంచి నకిలీ అనే అన్నారు, మళ్ళీ 2022లో లండన్ ప్రొఫెసర్ పాల్ పియర్సన్ టీమ్ కాదు అసలుదే అంది. ఏది నమ్మాలి బాస్?

జవాబు 1: నకిలీనే బ్రో. రోమన్లు బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టి ముద్ర వేసేవాళ్ళు, ఇదేమో కరిగించి అచ్చులో పోసింది. పైగా వెనకవైపు బొమ్మ ఆ చక్రవర్తి కాలమని చెప్పేదానికి నాలుగొందల ఏళ్ళ ముందటి రోమన్ వెండి నాణెం నుంచి ఎత్తేశారు.

జవాబు 2: అంత తొందరపడకండి సార్. మైక్రోస్కోప్‌లో చూస్తే చేతులు మారి మారి అరిగిన సన్న గీతలు, వాటి మీద గట్టిగా అతుక్కుపోయిన మట్టి కనిపించాయి. ఆ ఏరియాలో బంగారు గనులున్నాయి, రోమ్‌తో లింక్ తెగిపోతే అక్కడి సేనాని చేతనైనట్టు నాణేలు పోసుకుని ఉండొచ్చు కదా, టంకశాల పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు పాపం.

జవాబు 1: గీతలు ఎవడైనా గీస్తాడు సార్, మట్టి కూడా పూయొచ్చు.

జవాబు 3: 1891లో మన యశ్వంతపూర్ దగ్గర కూడా రోమన్ వెండి నాణేలు దొరికాయి, వాటికి ఈ గొడవే లేదు, ఎందుకంటే అలాంటివి వేరేచోట్లా బోలెడు. స్పాన్సియన్‌వి పోల్చడానికి తవ్వకాల్లో ఇంకోటి దొరకాలిగా.

ప్రశ్న అడిగినాయన: థాంక్స్ అండీ. మా నాన్నమ్మ దగ్గరున్న పాత రాగి కాసు టెస్ట్ చేయిద్దామనుకున్నా, ఆవిడ నిన్ననే చింతపండేసి తళతళా తోమేసింది 🤦