జిఐ పైపు వెల్డింగ్ చేసిన రాత్రి నాన్నకి చలిజ్వరం వస్తోంది, బెల్లం పాలతో తగ్గేదేనా?

సత్య_తణుకు:
అందరికీ నమస్తే. మా నాన్నకి తణుకులో చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తారు. వయసు 54, పాతికేళ్లుగా ఇదే పని. ఇదివరకు ఎక్కువగా పూత లేని మామూలు ఇనుప పైపే (ఎంఎస్) వచ్చేది, ఏడాది నుంచి తుప్పు పట్టకూడదని అందరూ పూత ఉన్న జిఐ పైపే అడుగుతున్నారు, సరిగ్గా అప్పటి నుంచే ఈ గొడవ మొదలైంది.

జిఐ పని ఉన్న రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాగానే ఉంటారు. అన్నం ముందు కూర్చున్నాక "నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టుందిరా" అని సగంలో లేచిపోతారు. తొమ్మిదీ పదింటికి వణుకు. మొన్న రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి, మంచం కదులుతున్న చప్పుడు పక్కగదిలోకి వినిపించి లేచి వెళ్లాను, జ్వరం 102 ఉంది. తెల్లారేసరికి బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. మధ్యాహ్నానికి మామూలు మనిషైపోయి షెడ్డుకి వెళ్లిపోతారు.

నాకు అర్థం కానిది ఏంటంటే ఇది సోమవారాలే వస్తోంది. మంగళవారం, బుధవారం అదే జిఐ పని చేసినా ఏమీ ఉండదు. సంక్రాంతికి ఐదు రోజులు షెడ్డు మూసి మళ్లీ తెరిచిన రోజైతే అన్నిటికంటే గట్టిగా వచ్చింది. రెండుసార్లు డాక్టర్‌కి చూపించాం. మలేరియా లేదన్నారు, రక్తంలో తెల్లకణాలు పెరిగాయి కాబట్టి టైఫాయిడ్ అయి ఉండొచ్చని ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాశారు. నాన్న ఏం పని చేస్తారో వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

షెడ్డుల్లో అందరూ బెల్లం ముక్క నోట్లో వేసుకుని సాయంత్రం గ్లాసు పాలు తాగితే పొగ లోపల అంటుకోదంటారు. నాన్న అది ఒక్కరోజు కూడా తప్పరు. నిజంగా పనిచేస్తుందా? ఇది జిఐ పొగ వల్లేనా? పని మానెయ్యమని చెప్పే పరిస్థితి లేదు, ఆ షెడ్డు మీదే మా ఇల్లు నడుస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

రమణ_ఫ్యాబ్రికేటర్:
తమ్ముడూ, చదువుతుంటే నా గల్ఫ్ రోజులు గుర్తొచ్చాయి. నాకూ ఇలాగే వచ్చేది. క్యాంపులో అందరూ ఏసీ గాలి పడలేదనుకునేవాళ్లం, చివరికి సేఫ్టీ ఆఫీసర్ చెప్పాడు ఇది జింక్ జ్వరమని.

జిఐ అంటే ఇనుము మీద జింక్ పూత. ఇనుము కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి, జింక్ 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంటే రాడ్ తగిలించగానే కింద ఇనుము కరిగేలోపే పైన పూత మొత్తం పొగై లేస్తుంది. ఆ తెల్లపొగ అదే. మీ నాన్నగారి హెల్మెట్ అంచు ఒకసారి చూడు, తెల్లగా దూదిపింజలాంటి పీచు అంటుకుని ఉంటుంది, వేలితో రాస్తే పొడైపోతుంది. ముక్కులోకి వెళ్లేదీ అదే.

అసలు మందు పూత తీసేయడమే. జాయింట్‌కి రెండు పక్కలా కనీసం రెండు మూడు అంగుళాలు పూత పోయి అసలు ఇనుము కనపడేదాకా గ్రైండర్‌తో లేపేసి అప్పుడు వెల్డింగ్ చెయ్యాలి. అది కూడా బయట, మాస్క్ పెట్టుకుని. పైపు లోపల కూడా పూత ఉంటుంది, చెయ్యి అందినంత వరకు లోపలి అంచూ రాయాలి. అయ్యాక ఆ చోట జింక్ రిచ్ పెయింట్ రెండు కోట్లు వేస్తే తుప్పు భయం ఉండదు. యాసిడ్ పోసి పూత తీసేవాళ్లున్నారు, ఆ పని మాత్రం వద్దు. జింక్ మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ వస్తుంది, పక్కన నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. యాసిడ్ ఆవిరి మళ్లీ ఊపిరితిత్తులకే.

లావణ్య_సేఫ్టీ:
సత్యా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, ఆ సోమవారం సంగతి. దీన్ని పరిశ్రమల్లో సోమవారం జ్వరం అనే పిలుస్తారు. రోజూ పొగ తగులుతుంటే ఒంటికి కొన్ని రోజులకి అలవాటైనట్టు అయి జ్వరం రాదు. ఆదివారం ఒక్కరోజు గ్యాప్ వచ్చేసరికి ఆ అలవాటు పోతుంది, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. పండగ తర్వాత ఎక్కువ రావడం కూడా అందుకే. పొగ తగిలిన కొన్ని గంటల తర్వాత మొదలై ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది, తెల్లకణాలు పెరగడం కూడా ఇందులో మామూలే, అందుకే ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాస్తారు. దయచేసి ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే మొదటి మాటే "జిఐ పైపు వెల్డింగ్ చేస్తారు, చేసిన రాత్రే వస్తుంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం టెస్టులు తప్పుతాయి. అలాగని ప్రతి జ్వరాన్నీ దీని మీదకి నెట్టొద్దు, రెండో రోజుకీ తగ్గకపోతే చూపించాల్సిందే.

బెల్లం గురించి. బెల్లం, పాలు పొట్టలోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, రెండూ కలిసే చోటే లేదు. పాలు తాగితే ఎండిన గొంతుకి హాయిగా ఉంటుంది, తాగనివ్వండి. కానీ పాలు తాగాను కదా అని మాస్క్ పక్కన పెడితే అక్కడే ప్రమాదం.

మూతికి కట్టుకునే తువ్వాలు ఈ పొగని ఆపలేదు, కణాలు అంత చిన్నవి. కనీసం ఎన్95, కుదిరితే పక్కన సన్నటి కణాల్ని కూడా ఆపే గుండ్రటి పి100 ఫిల్టర్లు బిగించే రబ్బరు హాఫ్ మాస్క్ కొనండి. అది హెల్మెట్ లోపల పడుతుంది, ఒక మామూలు గ్రైండర్ కొనే డబ్బుల్లో వచ్చేస్తుంది. గడ్డం ఉంటే తీయాలి, లేకపోతే అంచుల్లోంచి గాలి లోపలికి వచ్చేస్తుంది. ఫ్యాను వెనక నుంచి పెట్టకండి, వీపుకి తగిలిన గాలి ముందుకి సుడి తిరిగి పొగని మొహం దగ్గరికే లాక్కొస్తుంది. పక్క నుంచి పెట్టండి.

బుజ్జి_వెల్డింగ్:
మా మావయ్య ముప్ఫై ఏళ్లు జిఐ కొట్టాడండి, మాస్క్ అంటే ఏంటో తెలీదు, ఇప్పటికీ గట్టిగానే ఉన్నాడు. జ్వరం వచ్చి పోయేదే కదా. ప్రతి జాయింటూ గ్రైండ్ చేస్తూ కూర్చుంటే గేటుకి పూట ఎక్కువ పడుతుంది, ఆ పూట కూలి పార్టీ ఇస్తాడా? మాలాంటివాళ్ల ఇబ్బంది కూడా చూడాలి.

లావణ్య_సేఫ్టీ:
బుజ్జి గారూ, మీ ఇబ్బంది నిజమే, పూట కూలి చిన్న విషయం కాదు. అందుకే రేటు చెప్పేటప్పుడే జిఐకి గ్రైండింగ్ కలిపి చెప్పాలి. ఎంఎస్ రేటుకి జిఐ ఒప్పుకుంటే నష్టం ఎటూ మీకే.

జ్వరం వచ్చి పోతుంది, నిజమే. కానీ ఆ పొగలో జింక్ ఒక్కటే ఉండదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ వెల్డింగ్ పొగ మొత్తాన్నీ క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. మామూలు ఇనుము వెల్డింగ్ పొగ కూడా అందులోదే. వెల్డర్లకి న్యుమోనియా ముప్పు ఎక్కువని బ్రిటన్‌లో వాళ్లకి న్యుమోకోకల్ టీకా వేయించుకోమంటారు. సత్యా, మీ నాన్నగారికి ఆ టీకా సంగతి కూడా డాక్టర్‌ని అడగండి. బుజ్జి గారూ, మీ మావయ్య గారు బాగున్నందుకు సంతోషం, ఆయన పక్కన పనిచేసిన వాళ్లందరూ ఎలా ఉన్నారో కూడా ఒకసారి కనుక్కోండి.

ఒంగోలు_కూలింగ్:
నేను ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ని. ఇక్కడ అందరూ జింక్ గురించే చెప్తున్నారు, కాడ్మియం గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా. రాగి గొట్టాలు అతికించే కొన్ని సిల్వర్ రాడ్లలో కాడ్మియం ఉంటుంది, కొన్ని బోల్టుల మీద పూత కూడా అదే. దాని పొగ పీల్చినా మొదటి రాత్రి అచ్చం జింక్ జ్వరంలాగే ఉంటుంది, కానీ ఇది తగ్గదు. ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, ప్రాణం పోయిన కేసులున్నాయి. కాబట్టి తెల్లారేసరికి తగ్గాల్సింది తగ్గకుండా దగ్గు, ఆయాసం పెరుగుతుంటే ఇంకో పూట చూద్దాం అనుకోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి. రాడ్లు కొనేటప్పుడు ప్యాకెట్ మీద కాడ్మియం ఫ్రీ అని ఉందో లేదో చూసి తీసుకోండి. నాకు ఇది చెప్పింది మా గురువు గారు, ఆయన పాత రాడ్ల కట్ట మొత్తం పక్కన పడేయించారు.

రమణ_ఫ్యాబ్రికేటర్:
మంచి మాట చెప్పావు అన్నా. ఇంకొకటి, గ్రీజు తుడవడానికి కొందరు బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి తడి ఆరకుండానే వెల్డింగ్ పెడతారు. క్లోరిన్ ఉన్న రకం అయితే ఆర్క్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్డింగ్ చేసే చోటికి ఆ డబ్బా అసలు రానివ్వొద్దు.

పద్మ_అజ్జరం:
మా పుట్టిల్లు అజ్జరం, తణుకుకి దగ్గరే. ఇత్తడి సామాన్ల ఊరు. ఇత్తడి అంటే రాగి, జింక్. మా తాతయ్య మూసలో ఇత్తడి కరిగించిన రోజు రాత్రి ఇలాగే వణికేవారు, నాయనమ్మ ముందే దుప్పటి తీసి మంచం మీద పెట్టి ఉంచేది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసేవాళ్లు. ఇంగ్లండ్‌లో ఇత్తడి పోత పోసేవాళ్లకి వచ్చే చలిజ్వరం గురించి రెండు వందల ఏళ్ల కిందటి నుంచే తెలుసని ఎప్పుడో చదివాను. మా ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియలేదు. సత్య బాబూ, నువ్వు అడిగి మంచి పని చేశావు.

సత్య_తణుకు:
అందరికీ చాలా థాంక్స్. ఆ రాత్రే నాన్నకి మొత్తం చదివి వినిపించాను. రమణన్న చెప్పినట్టు హెల్మెట్ తెచ్చి చూస్తే అంచు చుట్టూ తెల్ల పీచు ఉంది, నాన్న వేలితో తీసి చాలాసేపు చూసుకున్నారు, ఏమీ మాట్లాడలేదు.

హాఫ్ మాస్క్ రెండు కొన్నాను, ఒకటి హెల్పర్ కుర్రాడికి. నిన్న సోమవారం, మెట్ల రెయిలింగ్ పని. జాయింట్లన్నీ గ్రైండ్ చేశాకే మొదలుపెట్టారు, దాదాపు గంట ఎక్కువ పట్టింది. ఫ్యాను పక్కకి మార్చాం. రాత్రి పన్నెండింటిదాకా నేను పడుకోలేదు, రెండుసార్లు వెళ్లి నుదురు పట్టుకుని చూశాను, చల్లగానే ఉంది. అన్నం కూడా పూర్తిగా తిన్నారు.

ఒక్క డౌట్. హెల్మెట్ దించితే మాస్క్ ఫిల్టర్ తగిలి కొంచెం ఎత్తుగా నిలబడుతోంది, కింద నుంచి వెలుతురు వస్తోందంటున్నారు. దీనికేం చెయ్యాలి?

రమణ_ఫ్యాబ్రికేటర్:
గుండ్రటి డబ్బా ఫిల్టర్లు కాకుండా పల్చగా బిళ్లలా ఉండేవి అడుగు తమ్ముడూ, అవి బుగ్గలకి ఆనుకుని ఉంటాయి. అప్పటికీ తగిలితే హెల్మెట్ లోపల తల పట్టీని ఒక రంధ్రం ముందుకి జరిపి చూడు. వెలుతురు లోపలికి వస్తుంటే మాత్రం అలా పని చేయించకు, కళ్లు పోతాయి.