అప్‌డేట్: పాపతో పెద్ద అక్వేరియం చూసొచ్చాం

చీకటన్నా, జనమన్నా భయపడే మా పాపను పెద్ద అక్వేరియానికి ఎలా తీసుకెళ్లాలని అడిగాను కదా, వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

తెరిచే వేళకే వెళ్లి, నేరుగా పెద్ద ట్యాంకు దగ్గరికి పొమ్మన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. జనం వచ్చేలోపు పాప అక్కడ తనివితీరా చూసింది. సొరచేప ఆగకుండా ఎందుకు తిరుగుతోందని ఒకటే ప్రశ్న. కొన్ని రకాల సొరలు ముందుకు ఈదుతుంటేనే మొప్పల మీదుగా నీరు పారి ఆక్సిజన్ అందుతుందని అక్కడి సిబ్బంది ఓపిగ్గా చెప్పారు. మగ సముద్రగుర్రమే పొట్ట దగ్గరి సంచిలో పిల్లల్ని మోస్తుందంటే ఇంకా మురిసిపోయింది.

సొరంగంలో మాత్రం కాస్త టెన్షన్. నీటిలోంచి వచ్చే కాంతి వంగడం వల్ల చేపలు నిజంగా ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి. అది ముందే చెప్పి ఉంచడంతో చేయి పట్టుకుని దాటేసింది. మీలో ఎవరైనా పిల్లలతో వెళ్తుంటే ఈ సంగతి తప్పకుండా చెప్పి తీసుకెళ్లండి.

జెల్లీఫిష్‌ల గది చీకటిగా ఉన్నా భయపడలేదు. మెదడు, గుండె లేకుండా అవెలా బతుకుతున్నాయోనని నేనే అక్కడ ఆగిపోయాను. ఫోన్ ఫ్లాష్ ఆపేసి, లెన్స్‌ను గాజుకు దగ్గరగా పెడితే ఫొటోలు బాగా వచ్చాయి. మేత వేసే సమయానికి గుంపు పెరగడంతో అది చూడకుండానే బయటికొచ్చేశాం.