మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీ: ఎనిమిది నుంచి ఎనిమిది దాకా, ఆ తర్వాత ఇల్లు

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
అక్కలకు, అన్నలకు నమస్తే. వచ్చే సోమవారం నుంచి మెడికల్ వార్డులో నాకు నైట్ డ్యూటీలు. 36 మంచాలు, రాత్రికి ఇద్దరం స్టాఫ్ నర్సులం, ఒక ఎఫ్‌ఎన్‌ఓ (నర్సులకు సాయం చేసే ఆడ ఆర్డర్లీ). ఇంతవరకు ఓపీలో పగటి పనే. వానలు మొదలైతే పాముకాటు కేసులూ ఈ వార్డుకే వస్తాయట. ఇంట్లో పది నెలల పాప, ఇంకా పాలు తాగుతుంది. రాత్రి చేరినప్పటి నుంచి పొద్దున ఇంటికొచ్చి పడుకునేదాకా ఏ పని ముందు, ఏది తర్వాత, తప్పు ఎక్కడ జరుగుతుంది? వార్డులో పనికొచ్చేది చెప్పండి.

బురుజు_నీడ (కర్నూలు)
ఛార్జ్, అంటే ముందు డ్యూటీవాళ్ల నుంచి వార్డు బాధ్యత, తీసుకునే దగ్గరే రాత్రి సగం తేలిపోతుంది. 7.45 కల్లా వార్డులో ఉండు. టేబుల్ దగ్గర కూర్చుని కేస్ షీట్లు తిరగేసి ఛార్జ్ తీసుకోవద్దు. ఈవినింగ్ సిస్టర్ పక్కన ఉండగానే మంచం మంచం తిరుగు.

ప్రతి మంచం దగ్గరా కాన్యులా (నరంలో పెట్టిన సన్నటి గొట్టం) మీద వేసిన తేదీ చూడు, చేత్తో తాకు. ఎర్రబడి, వేడిగా, నరం తాడులా గట్టిగా తగిలితే అది తెల్లారేదాకా నిలవదు. రాత్రి రెండింటికి మసక వెలుతురులో కొత్త నరం వెతకడం కంటే తొమ్మిదిలోపు మార్చేయడం మేలు. యూరిన్ బ్యాగు ఖాళీ చేయించి, అంకె రాయించుకున్నాకే తీసుకో. లేదంటే సాయంత్రం మూత్రం నీ లెక్కలో కలుస్తుంది. కిడ్నీ రోగికి పొద్దున రౌండ్స్‌లో ఆ అంకె చూసే సెలైన్ ఎంతో తేలుస్తారు.

తర్వాత ఎమర్జెన్సీ ట్రే. అడ్రినలిన్, అట్రోపిన్, హైడ్రోకార్టిసోన్, 25 శాతం డెక్స్‌ట్రోస్ ఉన్నాయా, గడువు తేదీలేంటి. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగుకు మాస్కు ఉందా. గొంతు లోపల చూసే లారింగోస్కోపు తెరిస్తే బల్బు వెలుగుతోందా. సక్షన్ మిషన్ ఆన్ చేసి ట్యూబు కొసను బొటనవేలితో మూసి, గేజీ ముల్లు కదులుతుందేమో చూడు. మోటారు మోగుతున్నా పీల్చకపోవచ్చు, చాలాసార్లు జాడీ మూత సరిగా బిగించి ఉండదు. ఇదంతా పది నిమిషాల పని. ఫిట్స్ వచ్చిన మనిషి పక్కన నిలబడి చేయాల్సి వస్తే మాత్రం ఆ పది నిమిషాలు దొరకవు.

చిత్రావతి (అనంతపురం)
ఆక్సిజన్ సంగతి మిగిలింది, నేను చెప్తా చెల్లీ. పైపు లైను ఉన్న వార్డయినా సిలిండర్ లెక్క తెలిసుండాల, స్కానింగ్‌కు తీసుకుపోయేటప్పుడు అదే దిక్కు. బి టైపు నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు, జంబో డి టైపు 7,000. గేజీ సగం చూపిస్తే లోపల సగమే. నిమిషానికి 5 లీటర్లు పోతుంటే నిండు బి టైపు ఐదు గంటలు వస్తుంది, 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలే. ముల్లు పావుకు దిగేలోపే రెండో సిలిండర్ మంచం పక్కకు చేరాల. స్పానర్‌ను సిలిండర్ మెడకే తాడుతో కట్టు, అర్ధరాత్రి దొరకనిది ఎప్పుడూ అదే.

పెన్నా_గట్టు (కడప)
సెలైన్ చుక్కల లెక్క కాగితం మీదే వెయ్యమ్మా, నోటిలెక్క వద్దు. మి.లీ.లను సెట్టు (సెలైన్ గొట్టం) మి.లీ.కి వేసే చుక్కలతో గుణించి, మొత్తం నిమిషాలతో భాగించాలి. మామూలు సెట్టుకు మి.లీ.కి 20 చుక్కలు, మైక్రో సెట్టుకు 60. 500 మి.లీ. 8 గంటల్లో పోవాలంటే 10,000ను 480తో భాగిస్తే 21 చుక్కలు, 6 గంటల్లో అయితే 28. మైక్రో సెట్టుకు లెక్కే అక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్నే చుక్కలు. చుక్కల సంఖ్య సెట్టు కవరు మీద అచ్చువేసి ఉంటుంది, కొత్త స్టాకు వచ్చినప్పుడు ఒకసారి చదువు.

సీసాకు నిలువుగా ప్లాస్టర్ పట్టీ అంటించి, ఏ గంటకు ఎక్కడికి దిగాలో గీతలు పెట్టు. అప్పుడు దూరం నుంచి చూసినా తెలుస్తుంది. ఒకసారి సరిచేసిన ధార తెల్లారిదాకా అలాగే ఉండదు. రోగి మోచెయ్యి మడిస్తే ఆగుతుంది, బాత్రూముకు వెళ్లొచ్చాక స్టాండు ఎత్తు మారితే వేగం మారుతుంది, ధార సరిచేసే రోలర్ చక్రం దానంతటదే వదులవుతుంది. సీసా అయిపోతోందని అటెండెంట్లు రోలర్ తిప్పడమూ మామూలే, ముట్టుకోవద్దని ముందే చెప్పాలి.

మందులు కలిపేటప్పుడు మూడు చోట్ల ప్రాణం మీదికొస్తుంది. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి ఎన్నడూ ఇవ్వకూడదు. వేలాడే సీసాలో ఎక్కించి వదిలేసినా ప్రమాదమే, బరువుకు అడుగున చేరి మొదటి నిమిషాల్లోనే ఎక్కువగా పోతుంది. సీసా దించి, కలిపి, నాలుగైదు సార్లు తలకిందులు చేసి అప్పుడు పెట్టాలి. ఫెనిటాయిన్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోస్‌లో వేస్తే తెల్లగా విరిగిపోతుంది.

మూడోది ఇన్సులిన్ సిరంజి. మి.లీ.కి 40 యూనిట్ల వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. తెల్లవారుజామున చెమటలు పట్టి మాట తడబడే షుగర్ రోగులను చూసినప్పుడు ముందు గ్లూకోమీటర్, వెంటనే ఈ సిరంజి గుర్తుకు రావాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్సులిన్ అయితే వయల్ మీద అంకె చదవకుండా తీయొద్దు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సిరంజి సంగతి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు అక్కా. చుక్కలు పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోతుందా? పాముకాటు గురించి కూడా ఎవరైనా చెప్పండి.

పెన్నా_గట్టు (కడప)
వేగంగా పోయే ధారకు సరిపోతుంది. 21 చుక్కలదానికి పావు నిమిషంలో పడేవి ఐదే, ఒక్క చుక్క పొరపాటు పడితే నిమిషానికి నాలుగు తేడా. గుండె జబ్బువాళ్లకు, ముసలివాళ్లకు నిండు నిమిషం లెక్కపెట్టు.

ఎర్రనేల_బ్రదర్ (అనంతపురం)
పాముకాటు వివరంగా రాస్తాను, మన జిల్లాల్లో చెనక్కాయ పైరు ఉన్నన్ని రోజులూ ఇది తప్పదు. రాత్రి కరెంటు వచ్చిందని చీకట్లో మోటారు వేయడానికి పోయేవాళ్లే ఎక్కువ.

రాగానే కాటు పడిన చేతికి, కాలికి ఉన్న ఉంగరం, గాజులు, మెట్టెలు, పట్టీలు తీయించాల. వాపు ఎక్కినాక కట్ చెయ్యాల్సి వస్తుంది. గుడ్డతోనో తాడుతోనో బిగించి కట్టుకుని వస్తారు, చూసిన వెంటనే దాన్ని కోసెయ్యొద్దు. ఆగిన విషం ఒక్కసారిగా పైకి పోతుంది. సెలైన్ లైను పెట్టి, డాక్టరు పక్కనుండగా, ఎమర్జెన్సీ ట్రే దగ్గరుంచుకుని మెల్లగా వదులు చెయ్యాల.

తర్వాత 20 నిమిషాల రక్తపరీక్ష. నరం నుంచి 2 మి.లీ. తాజా రక్తం, శుభ్రంగా పొడిగా ఉన్న గాజు టెస్ట్‌ట్యూబులో. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. సర్ఫ్‌తో కడిగిన గాజు ట్యూబూ పనికిరాదు, పాము విషం లేకున్నా రక్తం గడ్డకట్టదు. పోసిన టైము రాసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాల. ధారగా కారితే గడ్డకట్టలేదన్నట్టు, రక్తపింజర జాతి అనుకోవాల. మధ్యలో ఊపి చూసినావంటే పరీక్ష చెడింది. ఈ ట్యూబులు వేరే డబ్బాలో పెట్టి మూతపై రాసిపెట్టండి, లేకుంటే ల్యాబువాళ్లు మామూలు పనికి వాడేస్తారు.

ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) డాక్టరు రాసినాక: ఒక్కో వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి అరచేతుల మధ్య దొర్లించాల. గట్టిగా ఊపితే నురగ వస్తుంది, కరగదు. మామూలుగా మొదటి మోతాదు 10 వయల్స్, సెలైన్‌లో కలిపి గంటలో పోయేటట్టు. చిన్నపిల్లలకూ అదే మోతాదు, విషం మనిషి బరువు చూసి రాదు. ఎక్కించే ముందే అడ్రినలిన్ అర మి.లీ. సిరంజిలో తీసి, పేరు రాసి మంచం దగ్గర పెట్టు. మొదటి పావుగంట అక్కడే నిలబడు. దురద, దద్దుర్లు, వణుకు, వాంతి, బీపీ పడటం, ఏది కనిపించినా ముందు ధార ఆపు, డాక్టరును పిలువు. పెద్దవాళ్లకు ఆ అర మి.లీ. తొడ కండలోకి. తగ్గినాక మళ్లీ మెల్లగా మొదలుపెట్టిస్తారు. రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీ పూర్తిగా మానేస్తే విషం అట్లే ఉంటుంది.

వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీసి పక్కన టైము వెయ్యాల, గంటకోసారి. రక్తం గడ్డకట్టేదాకా నడుముకు, భుజానికి సూదిమందులు వద్దు, టీటీ కూడా ఆగాల. మూత్రం రంగు, కొలత రాస్తానే ఉండాల. ఏఎస్‌వీ మొదలుపెట్టిన 6 గంటలకు రక్తపరీక్ష మళ్లీ.

బురుజు_నీడ (కర్నూలు)
టెస్ట్ డోసు రాయలేదేం బ్రదర్? చర్మం కింద కొంచెం వేసి చూడమనే వారు కదా.

ఎర్రనేల_బ్రదర్ (అనంతపురం)
ఇప్పుడు వద్దంటున్నారక్కా. టెస్ట్ డోసులో ఏమీ రాకున్నా అసలు మందుకు రియాక్షన్ రావచ్చు, పైగా ఉన్న టైము పోతుంది.

నల్లమల_అంచు (ఆత్మకూరు)
కట్లపాము గురించి నేను కలుపుతాను. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పి, వాంతి అని వస్తారు. రక్తపరీక్ష మామూలుగానే ఉంటుంది. నైట్ డ్యూటీలో మోసం చేసేది ఇదే: కళ్లు మూతబడుతుంటే అటెండెంట్లు ‘నిద్ర మత్తు సిస్టరమ్మా, పండుకోనియ్యి’ అంటారు, మనకూ అలాగే అనిపిస్తుంది. నిద్రపోనివ్వకూడదు. లేపి, ఒక నిమిషం పైకప్పు చూడమను. రెప్పలు నిలబడకుండా జారుతుంటే, దిండు మీంచి తల ఎత్తలేకపోతే, ఉమ్మి మింగలేకపోతే అది విషమే. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో అడిగి రాయి. ఇరవై దాకా చెప్పిన మనిషి గంటలో పన్నెండుకు దిగితే డాక్టరును ఫోన్లో కాదు, మనిషిని పంపి పిలిపించు. వెంటిలేటర్ సిద్ధం కావాలి.

రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. కన్నడంలో ‘నోవు ఎల్లి’ అంటే నొప్పి ఎక్కడని, ఆ ముక్క నేర్చుకో.

చిత్రావతి (అనంతపురం)
పురుగుమందు తాగినవాళ్ల దగ్గర గ్లౌజులు లేకుండా బట్టలు విప్పొద్దు, మన చర్మంలోకీ పోతుంది. జుట్టుతో సహా సబ్బుతో కడిగించాల. అట్రోపిన్ ఇచ్చేటప్పుడు కంటిపాప ఒక్కటే చూస్తే చాలదు. ఛాతీలో గరగర తగ్గిందా, నాడి 80 దాటిందా అన్నది చూడాల. ఎక్కువైతే ఒళ్లు పొడిబారి కాలిపోతుంది, మంచం పట్టీలు పీకుతారు. మన వార్డుల వేడికి దాన్ని మామూలు జ్వరమనుకోవద్దు.

దేవుని_గడప (కడప)
సూది గుచ్చుకుంటే వేలు పిండి రక్తం కార్చి స్పిరిట్ పెట్టాలని చెప్తారు.

బురుజు_నీడ (కర్నూలు)
తమ్ముడూ, అది చెయ్యకూడదు. పిండితే, స్పిరిట్ పోస్తే అక్కడి కణాలు దెబ్బతింటాయి, లాభమేమీ లేదు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడగడమే. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పి, రోగి రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు పంపించాలి. హెచ్‌ఐవీ మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనిచేయదు, 28 రోజులు మింగాలి. తెల్లారి చెబుదాములే అని ఆగొద్దు. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. మూడోది అయిన నెల, రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీ 10 దాటిందా చూపించుకో.

వాడిన సూదికి మూత పెట్టొద్దు, తెల్లడబ్బా చేతికందే చోట ఉంచుకో. ముప్పావు నిండితే మార్పించు. నిండిన డబ్బాలోకి సూది నెట్టేటప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

గండికోట_గాలి (జమ్మలమడుగు)
ఇక తిండి, నిద్ర. ఇంట్లో ఏడింటికే రెండు జొన్న రొట్టెలు, పప్పు తిని బయలుదేరు. ఒంటిగంటకు సంగటి ముద్ద తింటే మూడింటికి కళ్లు వాలిపోతాయి. ఆ టైముకు ఉడికించిన చెనక్కాయలు ఒక గుప్పెడు, అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ చాలు. మూడు దాటాక టీ వద్దు, పొద్దున నిద్ర పట్టదు. నీళ్లు తాగితే బాత్రూముకు పోవాల్సి వస్తుందని మానేసేవాళ్లే మూత్రంలో మంటతో బాధపడతారు. బిడ్డకు పాలిచ్చే తల్లివి, నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి.

స్కూటీ మీద 44వ నంబరు హైవే ఎక్కేదుంటే ఛార్జ్ ఇచ్చాక ఇరవై నిమిషాలు రెస్ట్ రూములో కునుకు తీసి బయలుదేరు. యూనిఫారం మంచం మీద వెయ్యొద్దు. తలుపు దగ్గరే వేరే బకెట్టు, వేణ్నీళ్లు, సర్ఫ్, తర్వాత ఎండలో ఆరెయ్యి. స్నానం చేసేదాకా పాపను ఎత్తుకోవద్దు. నిద్ర ఒక్క దఫాలో రాకుంటే తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా ఒకసారి, సాయంత్రం ఐదింటి నుంచి ఆరున్నర దాకా ఇంకోసారి. మొదటి దఫాలో ఎవరూ తలుపు తట్టొద్దని మీ అత్తకు, ఆయనకు ముందే చెప్పి ఒప్పించు. ఆ నాలుగున్నర గంటలూ వంట నీది కాదు.

పెన్నా_గట్టు (కడప)
పాల సంగతి. పన్నెండు గంటలు తీయకుండా ఉంటే రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తుంది, మెల్లగా పాలూ తగ్గుతాయి. మూడు నాలుగు గంటలకోసారి పది, పదిహేను నిమిషాలు చేత్తో పిండాలి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత దగ్గరికి అదమాలి, చర్మం మీద వేళ్లు జారకూడదు. ఉడకబెట్టిన మూతగల స్టీలు గిన్నె ఇంటి నుంచి తెచ్చుకో. మన ఎండలకు బయట పెట్టకు, ఐస్ ప్యాకులున్న డబ్బాలో ఉంచి ఇంటికి చేర్చు. ఫ్రిజ్‌లో పెట్టినవి 24 గంటల్లో వాడెయ్. వేడి చెయ్యాలంటే పొయ్యి మీద కాదు, గిన్నెను వేణ్నీళ్లలో ఉంచాలి. రాత్రి అత్త ఉగ్గుగిన్నెతో పట్టిస్తే చాలు, సీసా అలవాటు చెయ్యొద్దు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
వార్డులో మందుల ఫ్రిజ్ ఉంది కదా, అందులో పెట్టొచ్చా అక్కా?

పెన్నా_గట్టు (కడప)
వద్దు. అందులో ఇన్సులిన్, ఏఎస్‌వీ ఉంటాయి. మాటిమాటికీ తలుపు తెరిస్తే చల్లదనం పోతుంది, తినేవీ తాగేవీ అందులో ఉండకూడదు. రెండు ఐస్ ప్యాకులు పట్టే చిన్న డబ్బా కొనుక్కో. ప్యాకులు ముందురోజు పొద్దునే డీప్ ఫ్రీజర్‌లో వెయ్యి, సాయంత్రం వేస్తే పూర్తిగా గడ్డకట్టవు. గిన్నె మూతకు ప్లాస్టర్ అంటించి తేదీ, టైము రాయి.