ఎండ్రికాయ ఒక్కటే, టబ్బులో రెండు కనబడుతున్నయి

ప్రశ్న (మిర్యాలగూడ): పిల్లలు పొలం ఎండ్రికాయను టబ్బులో పెంచుతున్నరు. నాలుగు రోజుల సంది మేత ముట్టలేదు. పొద్దున చూస్తే రెండున్నయి! ఒకటి కదలదు. కదిలేది మెత్తగుంది, దానికి ఒక కాలు పొట్టి. రోగమా?

జవాబు (నాగార్జునసాగర్): రోగం కాదు తమ్మీ. కదలనిది పాత డొప్ప. చేతిలోకి తీసుకో, తేలికగుంటది, కంపు కొట్టదు, వెనుక అంచున చీలిక ఉంటది. ఎండ్రికాయ అందులోంచే వెనక్కి జరుగుతూ బయటపడ్డది. కండ్ల మీది పొర, మొప్పల పొర, ఆఖరికి కడుపులో మేత నలిపే పండ్లు కూడా డొప్పతోనే ఊడొస్తయి. సచ్చినదైతే బరువుంటది, తొందరగనే వాసనొస్తది.

చూసినంక డొప్పను మళ్ల టబ్బులనే వెయ్యి. అది తింటే సున్నం తిరిగి ఒంట్లోకి పోతది. మెత్తటిదాన్ని మాత్రం పట్టకు. టబ్బులో ఇంకో ఎండ్రికాయ, చేప ఏదున్నా ఇప్పుడే తియ్యి, లేకుంటే పీక్కు తింటయి. దాక్కోను పగిలిన కుండ పెంకు బోర్లించు, నీళ్లపైకి ఎక్కను ఒక రాయి పెట్టు. గట్టిపడేదాక మేత కోసం తొందరపెట్టకు.

జవాబు (మహబూబ్‌నగర్): కారణం ఇదీ. డొప్పలో ఉండేది కైటిన్ అనే గట్టి పదార్థం, సున్నం. అది సాగదు, ఒళ్లు పెరగాలంటే విడువక తప్పదు. ముందే పాత డొప్పలోని సున్నం కొంత రక్తంలోకి లాక్కుంటది, కింద మెత్తటి కొత్త డొప్ప తయారైతది. బయటికి రాంగనే నీళ్లు పీల్చి ఉబ్బుతది, ఆ సైజులోనే గట్టిపడ్తది. ఇదంతా ఆపి ఉంచే హార్మోన్ కంటి కాడలో ఉంటది, అది తగ్గితేనే పని మొదలు. పొట్టి కాలంటరా, ఊడింది మళ్ల మొలుస్తుంది. డొప్ప విడిచినప్పుడల్లా ఇంత పొడుగైతది.

ప్రశ్న: ఫ్లోరైడ్ భయానికి ప్లాంటు నీళ్లే పోస్తున్నం. పర్వాలేదా?

జవాబు (నాగార్జునసాగర్): అవొద్దు. ఆర్‌ఓ పడితే నీళ్లలో సున్నం పోతది, డొప్ప గట్టిపడను మొప్పలు నీళ్లలోంచే సున్నం తీసుకుంటయి. నల్లా నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేదాక ఒకరోజు బకెట్లో ఉంచి పొయ్యి. ఒక్కసారి మొత్తం మార్చకు, పావు వంతు చాలు. తినుడు మొదలుపెట్టినంక గుడ్డు పెంకు కడిగి, ఎండబెట్టి, పొడి చేసి చిటికెడు మేతకు కలుపు.

జవాబు (మహబూబ్‌నగర్): మందు కొట్టిన మడి నీళ్లు అసలే వద్దు. సుడిదోమకు కొట్టే బూప్రోఫెజిన్ పనే కైటిన్ తయారు కాకుండ ఆపుడు. పాచి పోనీకి రాగి ఉన్న మందులు వేస్తే అవి కూడా ఎండ్రికాయకు విషమే. ఇంకోసారి డొప్ప సగంలో ఇరుక్కుంటే లాగకండి, కాళ్లు తెగొస్తయి.